కవిత కింద సంవత్సరం

రాజధానిలోని ఒక కళాశాలలో ఆంగ్ల సాహిత్యం ఆనర్సు చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని తన అధ్యాపకులకు సమర్పించిన వ్యాసమొకటి ఈ మధ్య చదవడం తటస్థించింది. మార్కుల కోసం ఏటా వేల సంఖ్యలో వ్రాయబడి, మూటలు కట్టబడి, చివరకు చిత్తుకాగితాల వర్తకునికి చేరే వ్యాసాలలో అది కూడా ఒకటి. అయినా ఈ వారం పార్లమెంటు ముచ్చట్లనూ, పార్టీల అంతఃకలహాలనూ ఒకింత పక్కన పెట్టి దానిని గురించి వ్రాయాలనిపించింది. ఆ పదిహేను వందల మాటలలో ఆ అమ్మాయి ఎదుర్కొన్న చిక్కు ఆమె ఒక్కతెది కాదు. గతించిన యుద్ధాలను జాతి ఏ విధంగా స్మరించుకోవాలన్న విషయమై రాజధానిలో కొన్నేళ్లుగా సాగుతున్న వివాదాలన్నింటికీ మూలంలో ఉన్నది ఆ చిక్కే.

ప్రశ్న సామాన్యమైనదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి చెందిన ఒక కవితను ఎంచుకొని, దాని అంతరార్థాన్ని వివరించి, ఆ యుద్ధ చరిత్రపై స్వంత ఆలోచనలను జోడించమన్నారు. సూచించిన కవులు అందరికీ తెలిసినవారే: విల్ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్, రూపర్ట్ బ్రూక్. చివర ‘లేదా మరే కవి అయినా’ అని ఒక తోక కూడా తగిలించారు. తరగతిలోని మిగతావారు ఓవెన్ వెంట పడగా, మన విద్యార్థిని ఆ తోకను పట్టుకొని హైదరాబాదుకు వచ్చి చేరింది. శ్రీమతి సరోజినీ నాయుడు 1915లో వ్రాసిన ‘భారతదేశపు కానుక’ అనే ఆంగ్ల కవితను ఎంచుకొంది.

ఆ కవిత చదివినవారు మనలో ఎందరుంటారో గాని, దాని పుట్టుక తెలుసుకోదగినది. యుద్ధంలో గాయపడినవారికీ, వారి కుటుంబాలకూ సహాయం అందించడానికి హైదరాబాదులో స్త్రీలు ఏర్పరచుకొన్న సంఘం కోసం అది వెలువడింది. తరువాత 1917 నాటి ‘విరిగిన రెక్క’ అనే సంపుటంలో చేరింది. అందులో మాట్లాడేది భరతమాత. తాను ధాన్యాన్నీ, బంగారాన్నీ, వస్త్రాలనూ ఇచ్చాననీ, వాటన్నింటికీ మించి కన్నబిడ్డలను ఇచ్చాననీ, వారు ఎడారులలో, పరాయి నేలలలో, గవ్వల వలె చెల్లాచెదురై పడి ఉన్నారనీ చెప్పుకొంటుంది. యుద్ధం ముగిసి శాంతి నెలకొన్ననాడు, ఋణం తీర్చుకొనే వేళ, ఆ బిడ్డల నెత్తురును మరువవద్దని అడుగుతుంది.

అడిగేది ఎవరిని? ఇక్కడే విద్యార్థిని తెలివితేటలు కనిపిస్తాయి. తల్లి బిడ్డలను ఉద్దేశించి పలికితే అది శోకగీతం. తల్లి ప్రభువును ఉద్దేశించి పలికితే అది పద్దుల చిట్టా. ఈ కవిత రెండవ జాతికి చెందినదని, దాని మృదువైన అలంకారాల కింద ఒక అప్పు పత్రం దాగి ఉన్నదని ఆమె వాదించింది. అంతటితో ఆగక, 1915లో అటువంటి అప్పు పత్రాన్ని వ్రాసుకొన్నది సరోజినీ నాయుడు ఒక్కరే కాదని చూపడానికి చరిత్రలోకి దిగింది. మాండలే కారాగారం నుండి 1914లో విడుదలై వచ్చిన తిలక్ మహాశయుడు యుద్ధంలో ప్రభుత్వానికి తోడ్పాటు ప్రకటించారు. గాంధీజీ 1918లో, అప్పుడే పన్నుల నిరాకరణ ఉద్యమం నడిపిన ఖేడా జిల్లాలోనే, సైన్యంలో చేరవలసిందని ఊరూరా తిరిగి రైతులను కోరారు. స్పందన అంతంత మాత్రంగానే ఉన్నదన్నది వేరే సంగతి. నేడు నెత్తురిస్తే రేపు స్వపరిపాలన వస్తుందన్నది ఆనాటి పెద్దల లెక్క. 1917 ఆగస్టు 20న బ్రిటిషు ప్రభుత్వం బాధ్యతాయుత పరిపాలన గురించి చేసిన ప్రకటన ఆ లెక్కకు కొంత బలం ఇచ్చింది కూడా.

లెక్క తేలిన సంవత్సరం 1919. మార్చిలో రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. అమృత్‌సర్‌లో ఆనాడు చనిపోయినవారు 379 మంది అని సర్కారు లెక్క. వెయ్యి వరకూ ఉంటారని కాంగ్రెసు విచారణ అంచనా. యుద్ధకాలంలో చేరిన పోరాట సైనికులలో ఇంచుమించు సగం మందిని సమకూర్చిన పంజాబులోనే ఇది జరిగింది. రవీంద్రులు మే నెలలో తమ ‘సర్’ బిరుదాన్ని వదులుకొన్నారు. వరద సహాయ సేవలకై తమకు లభించిన కైసర్-ఇ-హింద్ పతకాన్ని సరోజినీ నాయుడు తిప్పి పంపారు.

వ్యాసం తిరిగి వచ్చినప్పుడు దానిపై అధ్యాపకుల వ్యాఖ్య ఒక్క వాక్యమే ఉన్నదట: చరిత్ర ఎక్కువైంది, కవిత తక్కువైంది. మార్కులు కూడా ఆ మేరకే వచ్చాయి. అధ్యాపకుల పేరుగాని, కళాశాల పేరుగాని ఇక్కడ అనవసరం. మన దేశంలో ఏ కళాశాలలోనైనా ఆ వ్యాఖ్య రావచ్చు. కవితను కవితగా మాత్రమే చదవాలని, దాని చుట్టూ ఉన్న కాలాన్ని తలుపు బయట వదలిపెట్టాలని ఒక సంప్రదాయం ఆంగ్ల శాఖలలో వేళ్లు తన్నుకొని ఉన్నది. అదే వరండాలో నాలుగు గదుల అవతల చరిత్ర శాఖ ఉంటుంది. అక్కడ మొదటి ప్రపంచ యుద్ధమంటే కారణాలు, ఫలితాలు. మన పదవ తరగతి చరిత్ర పాఠంలో సైతం ఆ యుద్ధం జాతీయోద్యమానికి ఉపోద్ఘాతంగానే వస్తుంది: రక్షణ వ్యయం పెరిగింది, పన్నులు పెరిగాయి, 1913కూ 1918కూ మధ్య ధరలు రెట్టింపైనాయి, గ్రామాలలో బలవంతపు సైనిక సమీకరణ ఆగ్రహం పుట్టించింది. అన్నీ నిజాలే. కాని ఆ సమీకరణకు లోనైన మనిషి ఏమనుకొన్నాడో ఆ పాఠం చెప్పదు. చెప్పగలిగిన కవిత నాలుగు గదుల ఇవతల ఉన్నది.

వ్యాసంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్న భాగం అసలు కవితను గురించినది కాదు, ఉత్తరాలను గురించినది. 1914 సెప్టెంబరు చివర మన సైన్యం మార్సేల్స్ రేవులో దిగింది. లాహోరు, మీరట్ డివిజన్ల పదాతి దళాలు ఆ శీతకాలమంతా ఫ్రాన్సు, బెల్జియం బురద కందకాలలో గడిపాయి. నెలకు పదకొండు రూపాయల జీతంపై చేరిన సిపాయి ఇంటికి ఉత్తరం వ్రాయాలంటే తరచు మరొకరిచేత వ్రాయించుకోవాలి. అది దళంలోని అధికారి కంటబడాలి, ఆపైన తపాలా పరిశీలకుని చేతులలో పడాలి. ఊరిలో సైతం దానిని మరొకరు చదివి వినిపించాలి. ఇన్ని చెవులు వినే చోట మనసులోని మాట ఎలా చెప్పడం? మిరియాల భాష అలా పుట్టింది. నల్ల మిరియాలు ఎంత ఖర్చయినవి, ఎర్ర మిరప ఎంత మిగిలినది అని ఎవరో వంటింటి సంగతి వ్రాస్తున్నట్లు వ్రాసేవారు. నల్లవి మనవారు, ఎర్రవి తెల్లవారు. ఊళ్లో ఉన్న తమ్ముడు సైన్యంలో చేరకుండా ఆపడానికి ఆ మాత్రం చాలును.

ఈ ఉత్తరాలను పరిశీలించే పని ఎవలిన్ హోవెల్ అనే అధికారికి అప్పగించారు. ఆయన బృందం అనువదించి నివేదికలకు జతపరచిన భాగాల వల్లనే మూల ఉత్తరాలు పోయినా వాటి సారం లండనులో భద్రంగా మిగిలింది. డేవిడ్ ఒమిసీ అనే చరిత్రకారుడు 1999లో వాటిలో కొన్నింటిని సంపుటంగా వెలువరించారు. 1915 జనవరి నాటి నివేదికలో హోవెల్ ఒక విచిత్రమైన సంగతి పైవారికి తెలియజేశాడు. గాయపడిన సిపాయిలు ఉత్తరాలలో ఉన్నట్లుండి కవిత్వంలోకి దిగుతున్నారని, అది మానసిక అశాంతికి ఆపశకునమని తాను భావిస్తున్నానని! భారతీయ యుద్ధ సాహిత్యానికి తొలి విమర్శకుడు ఒక సెన్సారు అధికారి అన్నమాట. అతడు సరిగానే చదివాడని కూడా ఒప్పుకోక తప్పదు. సిపాయి చేతిలో కవిత్వం అలంకారం కాదు. సూటిగా అనరానిది అనడానికి మిగిలిన ఒక్క దారి. కవిత చదవడం రాని చరిత్రకారునికి ఈ ఉత్తరాలలో వంట సరుకులే కనిపిస్తాయి. చరిత్ర తెలియని సాహితీపరునికీ అంతే. విద్యార్థిని వ్యాసంలో ‘చరిత్ర ఎక్కువైంది’ అన్నవారు ఈ పుటలను దృష్టిలో ఉంచుకొనే ఆ మాట అని ఉంటే అది అన్యాయం.

జర్మనులకు చిక్కిన మన సైనికుల సంగతి మరొకటి. బెర్లిను సమీపంలోని వున్స్‌డార్ఫ్ శిబిరంలో జర్మను పండితులు, ప్రపంచ భాషల నమూనాలు సేకరించే ఉద్దేశంతో, ఖైదీల గొంతులను రికార్డు చేశారు. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి గొట్టం ముందు నిలబడి తనను గురించి తానే పరాయివాని వలె ప్రథమ పురుషలో చెప్పుకొన్నాడు. హిందుస్థానంలో వెన్న తిని పెరిగిన మనిషి ఒకడున్నాడని, అతడు ఆంగ్లేయుల సర్కారులో చేరి ఈ యుద్ధానికి వచ్చాడని, ఇంటికి పోతే మళ్లీ వెన్న తినగలడని. ఆ పలక నేటికీ బెర్లినులోని హంబోల్ట్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నది. పండితులకు కావలసింది ఉచ్చారణ. దొరికింది మరొకటి.

ఇటువంటి సామగ్రిని పక్కన పెట్టుకొని చదివితే సరోజినీ నాయుడి కవిత కొంత వెలవెలబోతుందని మన విద్యార్థిని అభిప్రాయం. కందకంలోని బురద ఆ కవితలో లేదని, మరణాన్ని ముత్యాలతోనూ పూలతోనూ పోల్చడం ఆమెకు సుఖంగా తోచలేదని వ్రాసింది. ఒకచోట ఆవేశం ఎక్కువై, రాజభక్తి రంగు పులిమిన కవిత అని కూడా తీర్పు చెప్పింది. ఇక్కడ నాకు ఆమెతో భేదాభిప్రాయం ఉన్నది. 1915 మార్చిలో భారత రక్షణ చట్టం వచ్చింది. ఆనాడు నిజాం రాజ్యంలో, స్త్రీల యుద్ధ సహాయ సంఘానికై వ్రాస్తూ, ఇచ్చిన దానికి ప్రతిఫలం గుర్తుంచుకోండని పాలకులకు చెప్పడమే సాహసం. ఓవెన్ కందకంలో ఉండి తన స్వంత ప్రభుత్వంపై కోపించాడు. అది స్వతంత్ర దేశపు పౌరుని కోపం. పరాధీన దేశపు స్త్రీకి ఆ సౌలభ్యం లేదు. కవిత కింద ఉన్న సంవత్సరం కూడా కవితలో భాగమే. దానిని చెరిపి 1919 వేసుకొని చదివితే ఆమె అమాయకురాలుగా కనిపిస్తుంది. 1947 వేసుకొని చదివితే రాజభక్తురాలుగా కనిపిస్తుంది. రెండూ ఆమె కాదు.

ప్రసంగవశాత్తు, ఓవెన్‌కూ మనకూ గల ఒక బంధాన్ని కూడా వ్యాసం ప్రస్తావించింది. యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబరు 4న ఓవెన్ మరణించాడు. అతని జేబు పుస్తకంలో ‘గీతాంజలి’ పంక్తులు వ్రాసుకొని ఉన్నాయి. ఆ సంగతి తెలుపుతూ అతని తల్లి 1920లో రవీంద్రులకు ఉత్తరం వ్రాసింది. మన తరగతులలో ఓవెన్‌ను చదువుతున్న వేలమందికి ఈ విషయం ఎవరైనా చెబుతున్నారా అన్నది సందేహమే.

సంవత్సరాన్ని చెరిపి చదివే అలవాటు విద్యార్థులకే పరిమితమైతే ఇంత వ్రాయనక్కరలేదు. రాజధానిలో రాళ్లపై వ్రాసిన అక్షరాలను సైతం మనం అలాగే చదువుతున్నాం. ఇండియా గేటుకు వెళ్లే ప్రతి యాత్రికుడూ ఆ గోడలపైని పేర్లు ఫ్రాన్సులోనూ మెసపొటేమియాలోనూ నేలకొరిగిన సిపాయిలవని నమ్ముతాడు. ఎత్తున చెక్కిన శాసనాన్ని నిదానంగా చదివితే సంగతి వేరు. ఆ దూరదేశాలలో మరణించినవారికి అది సమష్టి స్మారకం. అక్కడ చెక్కిన పదమూడు వేల పైచిలుకు పేర్లు మాత్రం హిందూదేశంలోనూ, వాయవ్య సరిహద్దులోనూ, మూడవ ఆఫ్ఘను యుద్ధంలోనూ పోయినవారివి. ఫ్రాన్సులో పోయి, సమాధి కూడా దొరకని మనవారి పేర్లు ఫ్రాన్సులోనే, నవ్ షాపెల్ గ్రామం వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకంపై ఉన్నాయి. మొత్తం మీద ఆ యుద్ధంలో మరణించిన భారతీయులు డెబ్బై నాలుగు వేలకు పైగా ఉంటారు. 1921లో కన్నాట్ ప్రభువు పునాదిరాయి వేయగా 1931లో ఇర్విన్ ప్రభువు ఆవిష్కరించిన ఆ ద్వారం కింద, బంగ్లాదేశ్ యుద్ధానంతరం 1972 జనవరి 26న శ్రీమతి ఇందిరాగాంధీ అమర జవాన్ జ్యోతిని వెలిగించారు. 2022 జనవరిలో ఆ జ్యోతిని, 2019లో వెలసిన జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపివేశారు.

ఆ సందర్భంలో చెలరేగిన వాదోపవాదాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఇండియా గేటుపైని పేర్లు బ్రిటిషు సామ్రాజ్యం కోసం పోరాడినవారివి కనుక స్వతంత్ర భారత వీరుల జ్యోతికి అది తగిన చోటు కాదని ప్రభుత్వ పక్షం వాదించింది. అర్ధశతాబ్ది పాటు వెలిగిన జ్యోతిని ఆర్పడం చరిత్రను చెరపడమేనని ప్రతిపక్షం ఆక్రోశించింది. చిత్రమేమంటే, అదే ప్రభుత్వం నాలుగేళ్ల ముందు, 2018 జనవరిలో, ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూ రాక సందర్భంగా తీన్‌మూర్తి కూడలికి ‘తీన్‌మూర్తి హైఫా చౌక్’ అని పేరు పెట్టింది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని తురుష్కుల నుండి గెలిచిన మన ఆశ్విక దళాల స్మృత్యర్థం అన్నారు. ఆ గెలుపు కూడా అదే సామ్రాజ్యం కోసమే గదా! ఒకచోట పరాయివారి సిపాయిలైనవారు మరొకచోట జాతి వీరులైనారు. ప్రతిపక్షంవారు మాత్రం తక్కువ తిన్నారా? ఆ పేర్లు ఎవరివన్నది వారి ప్రసంగాలలోనూ ఎక్కడా వినరాలేదు.

తీన్‌మూర్తి అంటే నెహ్రూ గారి నివాసమే మనకు గుర్తుకు వస్తుంది గాని, ఆ ముగ్గురు కంచు సైనికులలో ఒకరు మన హైదరాబాదువాడన్న సంగతి చాలామంది ఎరుగరు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల లాన్సర్ దళాలకు ఆ మూర్తులు ప్రతీకలు. లెనార్డ్ జెన్నింగ్స్ అనే శిల్పి వాటిని మలచాడు. హైఫాపై జరిగిన ప్రసిద్ధమైన దాడిలో ముందుకు దూకినవి జోధ్‌పూరు, మైసూరు దళాలే అయినా, పాలస్తీనా రంగంలో అదే బ్రిగేడులో హైదరాబాదు దళం పనిచేసింది. యుద్ధానికి ధారాళంగా ధనమిచ్చిన నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు బ్రిటిషువారు 1918లో ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న బిరుదు కట్టబెట్టారు. ప్రభువుకు దక్కిన ప్రతిఫలం అది. సరోజినీ నాయుడి కవితలోని తల్లి అడిగింది మాత్రం అటువంటిది కాదు.

మన సరిహద్దులు దాటి చూస్తే ఈ స్మృతి మరీ ముక్కలు చెక్కలుగా కనిపిస్తుంది. విక్టోరియా క్రాసు పొందిన తొలి భారతీయ సిపాయి ఖుదాదాద్ ఖాన్ 1914 అక్టోబరు 31న బెల్జియంలో తుపాకీ వదలక పోరాడినవాడు. అతని ఊరు నేటి పాకిస్తాన్‌లోని చక్వాల్ ప్రాంతంలో ఉన్నది. బంగ్లాదేశ్ జాతీయ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం స్వయంగా ఆ యుద్ధకాలపు సిపాయి. 1917లో 49వ బెంగాలీ పటాలంలో చేరి, కరాచీ దండులో హవల్దారుగా పనిచేసి, 1920లో పటాలం రద్దు కాగా కలకత్తా చేరాడు. మరుసటి ఏడాది చివరకు ‘విద్రోహి’ వ్రాశాడు. సామ్రాజ్యం నేర్పిన కవాతు ఆ కవిత నడకలో వినబడుతుందని బెంగాలీ మిత్రులు అంటారు. పశ్చిమ బెంగాల్‌లో పుట్టి, కరాచీలో సైనికుడై, ఢాకాలో సమాధి అయిన ఈ మనిషిని ఏ ఒక్క దేశపు పాఠ్యపుస్తకంలో ఇమిడ్చితే సరిపోతుంది? భర్తలను బస్రాకు తోలుకుపోయిన యుద్ధాన్ని తిట్టిపోస్తూ పంజాబు స్త్రీలు పాడుకొన్న పాటలు సైతం వాఘా సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే.

ఆ స్త్రీల మగవారి పేర్లు ఎక్కడున్నవన్న ప్రశ్నకు కొంత సమాధానం లాహోరులో దొరికింది. పంజాబు నుండి సైన్యంలో చేరినవారి వివరాలను యుద్ధానంతరం 1919లో ఆనాటి ప్రభుత్వం ఊరివారీగా పట్టికలు కట్టించింది. మూడు లక్షల ఇరవై వేల మంది వివరాలున్న ఆ దస్త్రాలు దాదాపు నూరేళ్లు లాహోరు మ్యూజియంలో పడి ఉన్నాయి. బ్రిటనులోని పంజాబీ సంఘం ఒకటి, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని చేపట్టి, 2021 నవంబరులో మొదటి విడతగా మూడు జిల్లాల పేర్లను అందరూ వెతుక్కొనేందుకు వీలు కల్పించారు. ఆ మూడింటిలో జలంధరు, లూధియానా మన దేశంలో ఉన్నాయి. సియాల్‌కోట్ పాకిస్తాన్‌లో ఉన్నది. పట్టికలో ఊరి పేరు, తండ్రి తాతల వివరం, హోదా, పటాలం పేరు వరుసగా ఉంటాయి.